ముసలమ్మ ముక్కు

కొండ కింద, వ్యానులోంచి
మంగళవారం

పిన్నికి నమస్కారాలు.

ఇక్కడ నా కుడిచేతి మధ్యవేలు తప్ప మిగతా నేనంతా క్షేమం. అక్కడ నువ్వూ, నీ రెండు కుట్టుమిషన్లూ క్షేమమని తలుస్తాను.

"నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టేవాడివి, అసలు ఉత్తరం దేనికిరా? మందుసీసా మీద చీటీ కూడా ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుతుంది" అని పోయినసారి తిట్టావు. ఫోన్లో మాట్లాడదామంటే నీకు వినపడదు, నాకు ఇక్కడ సిగ్నలుండదు. అందుకని ఈసారి రెండు పేజీలు నింపి తీరాలని కూర్చున్నాను. వాన పడుతోంది కాబట్టి వేరే పని కూడా లేదు.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు "మీ అబ్బాయి రాళ్ళెక్కుతాడటగా, ఆ బతుకు ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారన్నావు. వాళ్ళకు గొప్పగా ఏదైనా చెప్పుకో. నిజం మాత్రం నీకు చెబుతాను. ఏడాదిలో నేను రాయి మీద ఉండేది మహా అయితే నలభై రోజులు. మిగతాదంతా ప్రయాణం, వాన ఎప్పుడాగుతుందా అని ఆకాశం వంక చూడటం, తడిసిన మేజోళ్ళు స్టీరింగు మీద ఆరేసుకోవడం. ఒక కొండకూ ఇంకో కొండకూ మధ్య ఏదో ఒక పట్నంలో దిగి, ఎత్తైన భవనాలకు తాళ్ళ మీద వేలాడుతూ అద్దాలు తుడుస్తాను. పోయిన నెల పదకొండో అంతస్తు కిటికీ దగ్గర ఉన్నాను. లోపల ఏదో మీటింగు. ఒకాయన నన్ను చూసి, లేచొచ్చి, తెర దించేశాడు. ఆ తెర మీద పెద్ద మంచుకొండ, దాన్నెక్కుతున్న మనిషి, కింద "ధైర్యమే జీవితం" అని రాసి ఉంది.

వ్యాను వెనక తలుపు తెరుచుకోవడం మానేసింది. కిటికీలోంచి దూరుతున్నాను. పదమూడేళ్ళుగా రాళ్ళెక్కేవాడికి కిటికీ ఒక లెక్కా అనుకుంటావు. మొన్న ఇరుక్కుపోయాను. దారిన పోతున్న పాలావిడ కాళ్ళు పట్టి బయటికి లాగింది.

ఇక రెండో పేజీ. ఇక్కడ ఒక పెద్ద రాయుంది. పక్కనుంచి చూస్తే అచ్చం నడుం వంగిన ముసలమ్మే. భుజం, మెడ, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, అన్నీ ఉన్నాయి. అందుకే అందరం ఆ రాయిని ముసలమ్మ అంటాం. మూడేళ్ళుగా దాని నెత్తి మీదికి చేరాలని చూస్తున్నాను. నలభై సార్లు ప్రయత్నించాను, నలభై సార్లూ కింద పారేసింది. నా తాడు రెండో కొస పట్టుకుని కింద నిలబడేది ఇక్కడి బస్సు డ్రైవరు. ముప్పై ఆరేళ్ళావిడ, మాట తక్కువ. నేను జారినప్పుడల్లా పట్టి ఆపేది ఆవిడే. ఆవిడ చేతుల్లోనే నా ప్రాణం. ఒక్కసారి ఈ ముసలమ్మను దాటితే చాలు, జీవితంలో ఇంకేం అక్కర్లేదు.

ఇట్లు,
నీ బల్లి

తా.క.: వ్యాను పైకప్పు కారుతోంది, అదీ సరిగ్గా రెండో పేజీ మీదే. ఫరవాలేదులే, కొలతల చీటీలు చదివే కళ్ళు నీవి.


దుకాణం నుంచి
సోమవారం

చిరంజీవి బల్లికి పిన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ చదివి నవ్వుకున్నాను. రెండో పేజీ నీలంరంగు మడుగైపోయింది. ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, భూతద్దం పెట్టి చూస్తే ఈ ముక్కలు మాత్రం తేలాయి: "...నడుం వంగిన ముసలమ్మే... మూడేళ్ళుగా... నలభై సార్లూ కింద పారేసింది... ముప్పై ఆరేళ్ళావిడ, మాట తక్కువ... ఆవిడ చేతుల్లోనే నా ప్రాణం... ముసలమ్మను దాటితే చాలు, జీవితంలో ఇంకేం అక్కర్లేదు."

ఒరేయ్! ముప్పై తొమ్మిదేళ్ళకు నోరు తెరిచావా! ఇంత విషయాన్ని తడి కాగితం మీద రాస్తారట్రా ఎవరైనా?

ముందు నా కళ్ళను నేనే నమ్మలేదు. మిషను బాగుచేసే ఆయన సూది పట్టీ బిగించడానికి వస్తే ఆయనచేత కూడా చదివించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సందేహమే లేదమ్మా, ఇది పెళ్ళి సంగతే. ఆ ముసలమ్మ పిల్లకు నాయనమ్మ అయ్యుంటుంది. ఒప్పుకోవడం లేదు, మనవాణ్ణి గుమ్మంలోంచి తోసేస్తోంది" అన్నాడు. ఆయన ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాడు, ఆయనకు తెలియదా?

నలభై సార్లు తోసేసినా మళ్ళీ వెళ్ళావంటే నాకు కడుపు నిండిపోయింది. మా అక్క నిన్ను నా ఒళ్ళో పెట్టి పోయేనాటికి నీకు నాలుగేళ్ళు. అప్పట్నుంచీ నువ్వు పట్టుదలగా చేసిన పని ఒక్కటి చూపించమంటే, బీరువా ఎక్కడం తప్ప నాకేమీ గుర్తు రాదు.

ముసలివాళ్ళతో ఎలా నెగ్గుకురావాలో నన్నడుగు, నా దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది వాళ్ళే. దూకుడుగా పైన పడకు. ఉతికిన చొక్కా తొడుక్కో, గోళ్ళలో మట్టి తీసుకో. ఆవిడ చెప్పింది విను. నీ గురించి నువ్వు చెప్పుకోకు, చెప్పుకోవడానికి ఏముంది గనక. కాస్త నెమ్మదిగా వెళితే రాయైనా కరుగుతుంది.

ఇట్లు,
పిన్ని

తా.క.: పిల్ల కొలతలు పంపు. తాడుతో కొలవకు, టేపుతో కొలువు.


కొండ కింద నుంచి
సోమవారం

పిన్నికి నమస్కారాలు.

నీ జవాబు ఇంకా అందలేదు. టపా ఇక్కడికి వారానికి ఒక్కసారే, అదీ టీ కొట్టు దాకానే. అయినా వార్త ఉంది కాబట్టి ఆగలేక రాస్తున్నాను.

శనివారం ఎండ కాసింది. ముసలమ్మ పొడిగా, ప్రసన్నంగా ఉంది. ఇదే అదను అనుకున్నాను. భుజం మీద చెయ్యి వేశాను. నడుముకి మోకాలు ఆనించి లేచాను. మెడ పట్టుకున్నాను. ఇంతవరకూ ఎప్పుడూ ఇంత తేలిగ్గా జరగలేదు. కింద జనం చేరారు. దాంతో నాకు కొంచెం పొగరెక్కింది. రెండు చేతులతో ముక్కు పట్టుకుని వేలాడాను, పిన్నీ! అరనిమిషం! కాళ్ళు రెండూ గాల్లో!

తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. చెయ్యి జారింది. పోతూ పోతూ ముసలమ్మ గడ్డం మీద ఒక్క తన్ను కూడా తన్నాను, కావాలని కాదు. ఆవిడ తాడు గట్టిగా లాగి పట్టబట్టి సరిపోయింది, లేకపోతే ఈ ఉత్తరం వేరేవాళ్ళు రాయాల్సి వచ్చేది.

ముక్కు బాగా జిడ్డుగా ఉంది. మూడేళ్ళుగా నా చేతుల చెమటే అంతా. రేపు పొద్దున్నే పళ్ళు తోముకునే పాత బ్రష్షు ఒకటి తీసుకుని శుభ్రంగా రుద్దుతాను.

ఇట్లు,
నలభై ఒకటోసారి పడిన నీ బల్లి

తా.క.: గడ్డం మీద నా పాదం ముద్ర ఇంకా అలాగే ఉంది. చూడ్డానికి జనం వస్తున్నారు.


దుకాణం నుంచి
శనివారం

ఒరేయ్,

ఆశీస్సులు తర్వాత. ముందు కూర్చుని ఇది చదువు.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. కత్తెర చేతిలో ఉండగా చదివాను. ఒకరి కోటు చెయ్యి మోచేతి దగ్గరికి తెగిపోయింది. పెద్దావిడ ముక్కు పట్టుకుని వేలాడతావా? గడ్డం మీద తంతావా? కాళ్ళు రెండూ గాల్లో అని మళ్ళీ ఆశ్చర్యార్థకాలొకటి! ఆ పిల్ల తాడేసి వెనక్కి లాగితేగానీ వదల్లేదట! జనం చేరారట, పొగరెక్కిందట! ఇంతమందిలో ఒక్కరైనా నిన్ను పోలీసులకు పట్టివ్వలేదంటే ఆ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళో!

ఇక రేపు పొద్దున్న ఆవిడ ముక్కు పళ్ళ బ్రష్షుతో తోముతావా? నా మీద ఏమాత్రం గౌరవం ఉన్నా ఆ బ్రష్షు కింద పెట్టు.

మిషను ఆయన రెండుసార్లు చదివి, "అమ్మా, కుర్రాడు మానసికంగా దెబ్బతిన్నాడు" అని, సూది పట్టీ బిగించకుండానే వెళ్ళిపోయాడు.

దీంతో పాటు ఇంకో కాగితం పెడుతున్నాను. ఆ పెద్దావిడ ఎదట నిలబడి, చేతులు కట్టుకుని, పైకి చదివి వినిపించు:

"గౌరవనీయులైన పెద్దమ్మగారికి నమస్కారాలు. మీతో మావాడు ప్రవర్తించిన తీరు విని సిగ్గుతో తల దించుకుని రాస్తున్నాను. వాడు చెడ్డవాడు కాడండీ. చిన్నప్పుడు బీరువాలూ, గోడలూ ఎక్కేవాడు. వాటికి ముక్కులు లేవు కాబట్టి ఈ బుద్ధి ఉందని మాకు ముందే తెలియలేదు. తప్పు నా పెంపకానిది. కొట్టాలంటే నన్ను కొట్టండి, మీ మనవరాలి మీద మాత్రం కోపం పెట్టుకోకండి. మీ గడ్డం నొప్పి తగ్గిందని తలుస్తాను."

ఇట్లు,
పిన్ని

తా.క.: వచ్చే శనివారం నేనే బయల్దేరి వస్తున్నాను. ఆవిడకు వెచ్చటి కోటు కుడుతున్నాను. కొలతలు తెలియవు. నడుం వంగిన మనిషి కదా అని వెనక పొడుగు పెంచాను.


కొండ కింద నుంచి
గురువారం

పిన్నికి సాష్టాంగ నమస్కారాలు. వేలికి కట్టు ఉన్నా రెండు చేతులూ జోడించే రాస్తున్నాను.

నీ ఉత్తరాలు రెండూ ఇవాళే, ఒకేసారి, టీ కొట్టులో నా చేతికొచ్చాయి. చదివి నేను నేల మీద కూలబడ్డాను.

పిన్నీ, ముసలమ్మ మనిషి కాదు! రాయి! నాలుగంతస్తుల రాయి! ఆ సంగతంతా రెండో పేజీలో ఉంది, నువ్వు ఇస్త్రీ చేసిన పేజీలో! నాయనమ్మ లేదు. పెళ్ళి లేదు. "ఆవిడ" అంటే నా తాడు పట్టే ఆవిడ. బస్సు నడుపుతుంది. నీ క్షమాపణ కాగితం నా చేతిలోంచి తీసుకుని, రాయి ఎదట చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, మొత్తం పైకి చదివేసింది. "గడ్డం నొప్పి తగ్గిందని తలుస్తాను" దగ్గరికొచ్చేసరికి గుండు మాస్టారు (ఈయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, ముప్పై ఏళ్ళుగా ఇక్కడ రాళ్ళెక్కుతున్నారు) పక్కన పొదలో పడి నవ్వారు. ఆ పొద ముళ్ళపొద. అయినా ఆపలేదు.

సిగ్గు ఎలాగూ పోయింది కాబట్టి ఇంకో మాట కూడా చెప్పేస్తాను. వేలు నొప్పి, జిడ్డు, వాన అని నేను చెప్పేవన్నీ సాకులు. ముక్కు దగ్గర నాకు భయం. అక్కడికి వెళ్ళగానే కిందికి చూస్తాను, చేతులు తమంతట తామే వదిలేస్తాయి. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్న సామెత నా కోసమే పుట్టింది. నలభై ఒక్కసార్లు పడ్డాక మనిషికి పట్టుదల ఉందో, బుద్ధి లేదో చెప్పడం కష్టం. ఆవిడ మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. "ఇంకోసారి ఎక్కుతారా?" అనే అడుగుతుంది. ఆవిడకు ముసలమ్మ మీద మోజు లేదనుకుంటాను. ఎక్కుతానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

దయచేసి రాకు. రేపు పొద్దున్నే పట్నం వెళుతున్నాను, అద్దాలు తుడిచే పనుంది. సోమవారం దాకా ఇక్కడ ఉండను.

ఇట్లు,
నీ బల్లి

తా.క.: బ్రష్షు సంగతి నిజమే. రుద్దాను. నీ ఉత్తరం చదివాక మాత్రం రాయికే క్షమాపణ చెప్పాలనిపిస్తోంది.


దుకాణం నుంచి
మంగళవారం

చిరంజీవి బల్లికి పిన్ని ఆశీస్సులు.

నీ గురువారం ఉత్తరం నేను ఇంటికి తిరిగొచ్చాక, నిన్న అందింది. ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. వరసగా చెబుతాను, మధ్యలో పేజీ తిప్పేసి ఆఖరు చూడకు.

శనివారం రెండు బస్సులు మారాను. రెండో బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. ఎవరో ఒక అమ్మాయి నడుపుతోంది, జుట్టు బిగించి కట్టుకుని. దారి పొడుగూతా మలుపులు. నాకు మలుపుల్లో కడుపు తిప్పుతుందని, మాట్లాడితే తగ్గుతుందని, ఆ పిల్లకు నీ కథంతా చెప్పుకొచ్చాను. నాకు సరిగ్గా వినపడదు కాబట్టి ఎదటివాళ్ళకూ వినపడదేమోనని గట్టిగా చెప్పాను. బస్సంతా విన్నారు. "ముక్కు పట్టుకుని వేలాడాడట అమ్మాయ్" అనేసరికి ఆ పిల్ల భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పాపం, దగ్గు అనుకున్నాను. "పళ్ళ బ్రష్షుతో తోముతానంటున్నాడు" అనగానే బస్సు పక్కకు తీసి ఆపేసింది.

"ఏమైంది అమ్మాయ్?" అన్నాను.

"ఏం లేదండీ. కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి, దారి కనపడట్లేదు" అంది. ఎంత జాలిగుండె అనుకున్నాను.

ఆఖరి స్టాపులో దిగి, "ముసలమ్మగారి ఇల్లెక్కడ?" అని అడిగితే, "నా డ్యూటీ అయిపోయిందండీ, నేనే తీసుకెళతాను" అని నా సంచీ భుజాన వేసుకుంది. చెట్ల మధ్యగా నడిచాం. "అదిగోండి, ఆవిడే" అంది. నేను అలవాటు కొద్దీ ముందు నమస్కారం పెట్టేశాను. ఆ తర్వాత తలెత్తి చూశాను.

బల్లీ, నిజం చెబుతున్నాను, నాకు నవ్వు రాలేదు. ఆ నెత్తి చూడాలంటే మెడ పూర్తిగా వెనక్కి వంచాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ "రాళ్ళెక్కుతాడు" అని నేను చెప్పుకున్నాను గానీ, నా మనసులో ఉన్నది మన వీధి చివర గోడంత. నువ్వు ఇక్కణ్ణుంచా పడేది? నలభై ఒక్కసార్లా? అక్కడే రాయి మీద కూర్చుని ఏడ్చాను. ఆ అమ్మాయి నీళ్ళిచ్చి, పక్కన కూర్చుని, "పడనివ్వనండీ. నేనే ఆయన తాడు పట్టేది" అంది. అప్పుడు తెలిసింది ఎవరో. బస్సులో నేను వాగిందంతా ఎవరి ముందు వాగానో కూడా అప్పుడే తెలిసింది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

కాసేపయ్యాక అడిగాను, "మరి నువ్వెన్నిసార్లు ఎక్కావమ్మా దీన్ని?"

"నేనా? నా వంతు రాలేదండీ."

"మూడేళ్ళుగానా?"

"ఆయన ఎక్కి, పడి, ఎందుకు పడ్డారో చెప్పడం అయ్యేసరికి నా డ్యూటీ టైం అవుతుంది."

కోపంగా అనలేదురా. బస్సు ఎన్నింటికొస్తుందంటే చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఎక్కువ తగిలింది. ఆవిడ చేతుల్లో నా ప్రాణం అని అంత అందంగా రాశావు. ఆ చేతులకు ఏం కావాలో ఒక్కనాడైనా అడిగావా?

"ఇప్పుడు డ్యూటీ లేదుగా, ఎక్కు" అన్నాను. గుండు మాస్టారు అక్కడే ఉన్నారు, తాడు పడతానన్నారు. ఆ అమ్మాయి బూట్లు మార్చుకునేలోగా నేను రాయిని నిదానంగా చూశాను. నలభై ఏళ్ళుగా గుడ్డ చూస్తున్న కళ్ళు నావి. బట్ట ఎక్కడ లాగుతుందో, ఎక్కడ మడత పడుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడమ చెవి వెనక కింద నుంచి నెత్తి దాకా ఒక మడత ఉంది, సన్నగా, నీడలో. "అదేమిటమ్మా?" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "నేనూ మూడేళ్ళుగా దాన్నే చూస్తున్నానండీ" అంది.

ముక్కు జోలికే పోలేదు. చెవి వెనకగా, మడతలో వేళ్ళు దూర్చుకుంటూ, తొందర లేకుండా వెళ్ళింది. రెండుచోట్ల ఆగింది. ఒకచోట కాలు జారింది, నేను మాస్టారి చెయ్యి గిచ్చాను, ఆయన తాడు వదల్లేదు, చాలా మంచివారు. ఆపైన నెత్తి మీద నిలబడింది. అరవలేదు, చేతులూపలేదు. కూర్చుని జేబులోంచి బిస్కెట్టు తీసుకుని తింది. అక్కడ కూర్చుని అలా దూరంగా చూస్తుంటే ఆ మొహంలో ఒకటి కనిపించింది. నువ్వెందుకు ఇల్లు పట్టకుండా తిరుగుతున్నావో పదమూడేళ్ళకు నాకు అర్థమైంది.

నేను అసలు వచ్చింది నీ చెవి పట్టుకుని తీసుకొచ్చి, రెండో మిషను ముందు కూర్చోబెడదామని. ఇక ఆ మాట ఎత్తను. తిరుగు. కానీ తిరిగేవాడివి తాడు పట్టడం కూడా నేర్చుకో.

ఇట్లు,
పిన్ని

తా.క.: కోటు రాతికి పట్టలేదు. మాస్టారికి సరిగ్గా సరిపోయింది, ఆయన నడుమూ వంగే ఉంది.

ఇంకో తా.క.: మిషను ఆయన నమ్మడం లేదు. "రాయేమిటమ్మా, సంబంధం తప్పిపోయిందని దాస్తున్నారు" అంటున్నాడు. వీధి వీధంతా వచ్చి నన్ను ఓదారుస్తోంది.


వ్యానులోంచి, దారిలో
ఆదివారం

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. వెంటనే జవాబు రాయడానికి మొహం చెల్లలేదు.

పట్నం నుంచి తిరిగొచ్చిన రోజే టీ కొట్టులో సంగతి తెలిసిపోయింది. నేను అడుగు పెట్టగానే అందరూ తమ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. చివరికి టీ కొట్టావిడే చెప్పింది, మెల్లగా, ఎవరో పోయిన వార్త చెప్పినట్టు. నేను ఏమన్నానో తెలుసా? "ఆ రోజు గాలి బాగా చల్లగా ఉండుంటుంది. రాయి పట్టు బాగా దొరికుంటుంది" అన్నాను. రెండు రోజులు వ్యాను తుడుచుకుంటూ కూర్చున్నాను. తుడవడానికి అందులో ఏమీ లేదు. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

చదివి, తిన్నగా డిపోకు వెళ్ళాను. ఆవిడ బస్సు టైర్లలో గాలి చూసుకుంటోంది.

"ఈ ఆదివారం నేను తాడు పడతాను. మీరెక్కండి" అన్నాను.

"ఏ రాయి?"

"మీ ఇష్టం."

ఆవిడ చేతులు తుడుచుకుంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసింది. అందులో పదిహేడు రాళ్ళ పేర్లు రాసుకుని ఉన్నాయి. ఎక్కడెక్కడివో. ఒకటి రెండు ఇక్కడివి, మిగతావి దూరాభారాలు. నేను పడుతున్న మూడేళ్ళలో, కింద నిలబడి, ఆవిడ రాసుకున్నవి.

మొదటి ఆదివారం నేను చేసిన ఘనకార్యం విను. ఆవిడ పడిపోతుందేమోనన్న భయంతో తాడు ఎంత బిగించానంటే ఆవిడ చెయ్యి ఎత్తలేకపోయింది. "కాస్త వదలండి, నేను కట్టేసిన గేదెను కాదు" అని పైనుంచి అరిచింది. వదిలితే మరీ వదిలేశాను, అప్పుడూ అరిచింది. సాయంత్రానికి మెడ పట్టేసి, ఆకాశం తప్ప ఇంకేమీ చూడలేని స్థితిలో ఇంటికి, అంటే వ్యానుకు, వచ్చాను.

పిన్నీ, పైన ఉన్నప్పుడు నాకుండే భయం తెలుసుగా. కింద నిలబడితే ఉండే భయం దానికి పదింతలు. పైవాడికి పని ఉంటుంది, కిందివాడికి చూడటమే పని. మూడేళ్ళు ఆవిడ ఆ భయాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడింది, నేనేమో "ఆవిడకేం, ఊరికే నిలబడుతుంది" అనుకున్నాను. ఆ సాయంత్రం, మెడ పట్టేసి ఉన్నప్పుడే నువ్వు గుర్తొచ్చావు. పదమూడేళ్ళుగా నువ్వూ కింద నిలబడే ఉన్నావు. నీ చేతికి తాడు కూడా ఇవ్వలేదు నేను. నాలుగు ముక్కల ఉత్తరాలిచ్చాను.

ముసలమ్మ సంగతా? చెవి వెనక దారి తెలిసింది కదా అని, ధీమాగా, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాను. పడ్డాను. నలభై రెండు. ఆ మడతలో నా వేళ్ళు దూరలేదు. మొదటిసారి పడి కూడా నవ్వాను. పైగా ఆలోచిస్తే, ఆ నెత్తి మీద నేను ఉండాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు, ముఖ్యంగా ముసలమ్మకు.

ఇప్పుడు అసలు వార్త. ఆవిడ రెండు నెలలు సెలవు పెట్టింది. ఇంతవరకూ ఒక్కరోజు కూడా వాడుకోలేదట, డిపో మేనేజరు కంగారుపడి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడట. ఆ పదిహేడింటిలో వీలైనన్ని ఎక్కడానికి బయల్దేరాం. ఎక్కేది ఆవిడ, తాడు నేను. వ్యాను కూడా ఆవిడే నడుపుతోంది. నేను నడిపితే గేర్లు ఏడుస్తున్నాయట. తలుపు కూడా బాగుచేసింది, ఒక్క గుద్దుతో.

గురువారం మధ్యాహ్నానికి నీ వీధిలో ఉంటాం. రెండు రోజులుండి వెళతాం. వీధిలోవాళ్ళు చూసి ఏమేం కథలు అల్లుతారో నాకు తెలుసు. నువ్వే ఎలాగోలా సర్దిచెప్పు, మేము కలిసి రాళ్ళెక్కేవాళ్ళం మాత్రమేనని.

ఇట్లు,
నీ బల్లి

తా.క.: డీజిలు కోసం ఆగాం. ఉత్తరం ఆవిడ చేతికిచ్చి డబ్బాలో వేయమన్నాను, నేను అద్దం తుడుస్తున్నాను. అలవాటు.

పిన్నిగారికి నమస్కారాలు. నేను బస్సు డ్రైవరునండీ. ఆ రోజు తిరుగు బస్సు ఎక్కేటప్పుడు మెట్ల మీద నిలబడి "నీకు పెళ్ళయిందా అమ్మాయ్?" అని అడిగారు. వెనక జనం తోసుకొస్తుంటే జవాబు చెప్పలేదు. కాలేదండీ. మీ అబ్బాయి తాడు పట్టడం ఇప్పుడిప్పుడే కుదురుతోంది. ఇంకో రెండు రాళ్ళు చూసి, బాగానే ఉందనిపిస్తే, మిగతా సంగతి నేనే అడుగుతాను. ఆయన్ను అడగనిస్తే మళ్ళీ మూడేళ్ళు పడుతుంది. అందుకని వీధిలోవాళ్ళకు అప్పుడే ఏమీ సర్దిచెప్పకండి. మిషను బాగుచేసే ఆయనకైతే అసలే వద్దు. ఆయన ఇప్పటిదాకా అన్నదాంట్లో నాయనమ్మ ఒక్కటే తప్పు. కవరు నేనే అంటిస్తున్నాను.